సూపు కాదు, చూపు

ముందుది వెనక, వెనకది ముందు సెప్తానేమో రాజారత్నం. ఈ మధ్య వరస నిలవడం లేదు. అయినా మధ్యలో అడ్డం పడొద్దు. చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు సదివే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని సెప్పేదానికే కదా వచ్చినావు? సంఘ పెద్దవి, పైగా నా మరిదివి. నువ్వు మెల్లగా సెప్తే వదిన ఊరుకుంటాదని నిన్ను పంపించినారు.

ఊరుకోను. కాఫీ తాగు.

ఏం జరిగిందో నాకు తెలీదా? పోయిన ఆదివారం, దుఃఖంలో ఉండే ఇండ్లకు ఆదరణ కావాలని అడిగేటప్పుడు, కాలం సేసిన జయపాల్ పేరు సదవాల్సిన సోట వాళ్ల తమ్ముడు జయరావు పేరు సదివినాను. "ప్రభువు పిలుచుకున్న మా సహోదరుడు జయరావు" అన్నాను. ముందు వరసలోనే కూర్చోనుండాడు జయరావు. ఆయన కూడా ఆమెన్ అన్నాడే, దానికేమంటావు? ఆయన్ను ఎవురూ ఏమీ అనలేదు.

నవ్వొస్తే నవ్వు. జయపాల్ పెండ్లాం నవ్వలేదు, అది నాకు తెలుసు. ఆమె ఇంటికి పోయి సేతులు పట్టుకొని వచ్చినాను. అది నాకూ ఆమెకూ. మీ కమిటీకి కాదు.

ఇప్పుడు మా నిస్సీ సంగతి విను. నా కూతురి కూతురు, ఆ గదిలోనే కూర్చొని తిరుపతి కంపెనీకి పని సేస్తాది. లాడ్జీల్లో గదులు బుక్ సేసుకునే యాప్ వాళ్లది. ఆ యాప్ ఒకటే ముద్ద కాదంట, సిన్న సిన్న డబ్బాలంట. కంటైనర్ అంటాది ఆ పిల్ల. ఒక్కో డబ్బాకు ఒక సెట్టింగుల ఫైలు. దాని పేరేంది, ఏ డబ్బాతో మాట్లాడల్ల, ఎంత మెమరీ ఇయ్యల్ల, అన్నీ అందులో రాయల్ల. ఇచ్చిన మెమరీ దాటితే ఆ డబ్బాను ఆపేసి మళ్లీ మొదట్నుంచి లేపుతారంట. మెమరీ దాటితే ఆపేస్తారా అని రెండు సార్లు అడిగినా ఆ పిల్లను.

సరే, అది వదిలెయ్.

ఫైలు రాసినంక నేరుగా జనాల మీదికి వదలరు. ముందు ఏజెంట్ సూస్తాది. ఏజెంట్ అంటే ఇన్సూరెన్స్ ఆయన అనుకున్నా నేను. కాదు, ఏఐ. ఫైళ్లన్నీ అదే తెరిచి, అదే పరీక్షలు పెట్టి, యాడ తప్పుండాదో సెప్తాది.

మంగళవారం ఏమైంది? లేదు, బుధవారమో. ఖాళీ గదులు సూపించే డబ్బాకు 'చూపు' అని పేరు పెట్టినాడు వాళ్ల సారు యోగానంద. చూపు, చ తోనే, నాలుక సరిజేసుకొని సెప్తున్నా. ఆయనది గుంటూరు పక్క. మన పిల్ల నోట్లో ఆ చ యాడుంటాది? పక్క డబ్బా ఫైల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్ పెట్టి 'సూపు' అని కొట్టేసింది. ఇంక ఆ డబ్బా సూపు కోసం ఎతకల్ల. లేనిదాన్ని ఎంత ఎతికితే దొరుకుతాది? అట్లే వదిలుంటే, పిల్లోళ్లనూ సంచులనూ ఏసుకొని రైలు దిగినోళ్లకు ఒక్క గదీ కనపడేది కాదు.

ఏజెంట్ పట్టేసింది. "సూపు అనే పేరుతో ఏదీ లేదు. చూపు ఉంది. అదేనా మీరు రాయాలనుకున్నది?" అని అడిగింది.

ఫోన్లో సారు ఒకటే నవ్వు. "మీ చిత్తూరోళ్లకు చ పలకదా అమ్మాయ్" అంటే, "పలుకుతాది సార్, మేమే పిలవం" అనింది. నా మనవరాలు మరి.

ఒక్క అక్షరం దిద్దింది, పంపించింది, అన్నం తినింది. అంతే. ఎవురన్నా దాని కుర్చీ లాక్కున్నారా? వయసులో ఉండే పిల్ల తప్పు రాస్తే సూసేదానికి తోడు పెడతారు. నేను తప్పు సదివితే మైకు పెరుక్కుంటారు. ఇదేం న్యాయం?

పెద్దదానివైనావు, విశ్రాంతి తీసుకో అని మాత్రం సెప్పొద్దు. బడి మొహం సూడలేదు నేను. పాకాల స్టేషన్లో బోర్డులు సూసి అక్షరాలు పట్టుకున్నదాన్ని. ఆ మైకు ముందర ఒక్కో పేరు సదివేటప్పుడు ఆ మనిషి మొహం నా కండ్ల ముందరికి వస్తాది. సదవడం ఆపితే ఆ మొహాలూ పోతాయి. అది నాకు ఏ డాక్టరూ సెప్పక్కరలేదు.

నీకంటే ముందు నేనే ఆలోచించినాను. మన ప్రార్థన పేర్ల కాగితం, ఒక వైపు జబ్బుతో ఉండేవోళ్లు, ఒక వైపు పోయినోళ్లు, అది కూడా ఆ ఏజెంట్‌కు ఇచ్చి సూడమన్నా నిస్సీని. పట్టుకుంటాదో లేదో అని పోయినోళ్ల వైపు జయరావునే పెట్టించినా. ఏమనిందో తెల్సా? ఏ పేరూ రెండు సార్లు పడలేదు, అక్షరాలు బాగున్నాయి, చదువుకోవచ్చు అనింది. దాన్దేం తప్పు? "దానికి డబ్బాల పేర్లన్నీ సూపించినాం అవ్వా, మన సంఘంలో ఎవురుండారో ఎవురు సూపించినారు" అనింది నిస్సీ.

అదీ సంగతి. దానికి తెలీదు. నాకు తెలుసు, మతిలో నిలవదు. నీకు తెలుసు, నిలుస్తాది.

ఏంది? కమిటీని అడగల్లా? అడుక్కో. వదిన దిగనంటాండాదని సెప్పు. సదివేది నేనే. శనివారం పొద్దున నువ్వు వచ్చి ఈడ కూర్చో. నేను సదువుతా, నువ్వు పేర్లు సూడు. ఎవురు మంచంలో ఉండారు, ఎవురు మట్టిలో ఉండారు, ఒక్కొక్కటీ.

నా పేరు కూడా సూసుకో నాయనా. కృపామణి. మర్చిపోయి ఏ వైపు రాసుకున్నానో.