కిచెన్ ఆంటీ

అది 1982 వేసవి. అమెరికాలోని కేప్ కాడ్‌లో సముద్రపు ఒడ్డున ఒక పాత బంగళా కొని, సెలవులకొచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చే తెలుగు దంపతులు వాళ్ళు. నిన్న దిగిన ఐర్లండ్ ఆవిడ పొద్దున్నే సామాను కార్లో పెట్టుకుంటోందని భార్య చెప్పగానే ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు.

“అదేంటి, వారానికి బుక్ చేసుకుందిగా?”

“ఇప్పుడే నయాగరాకి పోతుందట. మన పిల్ల రాణి పాడే పాట విని హడలిపోయిందండీ.”

“ఆ అర్థంకాని పాటా? టీవీలో నేర్చుకుందేమో అనుకున్నాంగా?”

“అది ఐరిష్ జోలపాటట. వాళ్ళ మేనత్త కట్టిందట. ఆమె ఈ ఇంట్లోనే వంటపనికి కుదిరి, ఈ సముద్రంలోనే మునిగి చనిపోయిందట. ఆ పాట వాళ్ళ కుటుంబంలో తప్ప ఎవరికీ రాదట.”

“మరి దీనికెవరు నేర్పారు?”

“అడిగాను. ‘కిచెన్ ఆంటీ’ అంది.”

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

“ఆవిడ వెళ్ళిపోతోందిగా. పిల్ల మెల్లిగా మర్చిపోతుందిలే.”

“ఆంటీ కూడా వెళ్ళిపోతోందట. ‘నన్నూ రమ్మంది మమ్మీ’ అంటోంది.”

“రాణి ఎక్కడ?”

“హాల్లో టీవీ చూస్తోంది.”

“టీవీ మోగట్లేదే!”

ఇద్దరూ బయటికి పరిగెత్తారు. ఐర్లండ్ ఆవిడ ఇంకా కారు ఎక్కలేదు. వెనకసీట్లో, తలుపుకి అతుక్కుపోయి కూర్చుని ఉంది రాణి. ఆయన పిల్లని లాగి గుండెకి హత్తుకున్నాడు. వెనకసీటు వైపు చూసి అడిగాడు.

“సీటంతా ఖాళీగా ఉంటే అంత మూలకి ఒదిగావేం తల్లీ?”

“ఆంటీకి ప్లేస్ కావాలి కదా, డాడీ!”