ఇనుమునన్న మాట

ఏదీ, ఆ పాట మళ్ళీ ఓసారి పెట్టు. మొదలంతా వద్దులే, ఆ డబ్బాల మోత నాకెందుకు, నడుమ ఒక మనిషి అరుస్తాడు చూడు, ఆ ముక్క. అబ్బే, భయపడకు, నేను మీ నాన్నలా ఫోను లాక్కోను. పొద్దున వాడు ఎంత ఎగిరాడు! 'ఆడపిల్ల వినే పాటేనా ఇది, ఆ బూతుమాటకి కాలేజీలో డాన్సు కడతావా, నలుగురూ ఏమనుకుంటారు' అని. వాడికి సంగతి తెలీదు. తెలిస్తే ఇంకా ఎగిరేవాడో, కిక్కురుమనకుండా కూర్చునేవాడో చెప్పలేను. ముందు వెళ్ళి ఆ తలుపు దగ్గరగా వేసిరా తల్లీ. మీ నానమ్మ పడుకుంది. పడుకుందని మనం అనుకోవడమే గానీ, ఆవిడవి పాము చెవులు. ఆఁ, ఇప్పుడు పెట్టు. సౌండు తగ్గించు, ఇంకా తగ్గించు. అదిగో... విన్నావా? ఆ అరుపు ఎవరిదనుకున్నావు? మిషన్లో చేసింది కాదే పిచ్చిదానా, మనిషి గొంతు. మీ నానమ్మ వాళ్ళ నాన్నది. నాకు పిల్లనిచ్చిన మామ, నీకు ముత్తాత. నవ్వుతావేం? ఒట్టు. ఎప్పుడో నా కుర్రతనంలో క్యాసెట్టుగా వచ్చింది ఆ పాట, ఇప్పుడెవరో దానికి కొత్త డప్పులు కట్టి మళ్ళీ వదిలారు. ఈ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు కాబట్టి నీకు తెలీదు. ఫొటో చూపించమంటావా? ఉంటే కదా. మా పనివాళ్ళ ముఠా అంతా కలిసి ఒకసారి తీయించుకున్నాం, అందులో అందరం కెమెరాకేసి పళ్ళికిలిస్తుంటే ఆయనొక్కడూ అటు తిరిగి మోకు ఎక్కడ అరిగిందో చూసుకుంటున్నాడు. వీపు ఫొటో. అదీ ఎక్కడో పోయింది.

మాది బరువులు లాగే ముఠా. ఇప్పుడైతే క్రేను వస్తుంది, పైన ఒకడు కూర్చుని పుల్ల కదిపితే సరి. అప్పుడవి ఎక్కడివి? మిల్లులోకి బాయిలర్ వెళ్ళాలన్నా, ప్రెస్సులో అచ్చుమిషను దించాలన్నా మేమే. కింద దుంగలు, ముందు మోకు, వెనక గునపాలు, మధ్యలో మా ప్రాణాలు. మన వంటగదంత ఉంటుంది బాయిలరు. ఒకడి బలానికి కదలదు సరే, అందరి బలానికీ కూడా కదలదు. అందరి బలమూ ఒక్క క్షణంలో పడితేనే కదులుతుంది. ఆ క్షణం చెప్పేవాడు మేస్త్రి. మీ ముత్తాతని పాటమేస్త్రి అనేవాళ్ళు. పాటలో ముందంతా బుజ్జగింపే. 'పట్టుపరుపు వేశామా నీకు' అని ఆయన, 'హైలెస్సా' అని మేము. 'పవళించి పోయావా తల్లీ', హైలెస్సా. 'కాళ్ళు నొప్పులు పుట్టాయా, కబురు పెట్టి పిలవాలా', హైలెస్సా. అంతసేపూ ఎవడూ లాగడు. ఊపిరి పట్టుకోవడానికి, కాళ్ళు తన్ని నిలబడడానికి, మోకు బిగించుకోవడానికి అది టైము. ఇంత బతిమాలినా అది కదలదు కదా, అప్పుడు ఆయనకి కోపం వచ్చేది. నటన కాదు, నిజం కోపమే. మెడ నరాలు తాళ్ళలా లేచేవి. అప్పుడు వచ్చేది ఆ మాట. 'కదలవే ముండా!' ఆ మాట మీద అందరి నడుములూ ఒక్కటే నడుమయ్యేవి. కదిలేది. జానెడు. మళ్ళీ పట్టుపరుపు, మళ్ళీ బుజ్జగింపు. చెవులు మూసుకుంటావేం, పొద్దుట్నుంచీ వింటున్నదేగా! నా నోట వింటే ఇబ్బందిగా ఉందా? నాకూ ఇబ్బందిగానే ఉంది, కానీ చెప్పాలి.

ఇంకో సంగతి విను. మా పని దగ్గర ఆ మేస్త్రి తప్ప ఎవడూ తిట్టకూడదు. వేలు నలిగినా సరే, కాలి మీద గునపం పడినా సరే, 'అమ్మా' అనాలి, 'అయ్యో' అనాలి, బూతు మాత్రం రాకూడదు. ఎందుకంటావా? బూతు వినబడితే చేతులు లాగేస్తాయి గనక. అలవాటు. మెదడుకి తెలిసేలోపు నడుము వంగిపోతుంది. గుండోడని ఒకడుండేవాడు, ఆ వేళే కొత్తగా చేరాడు. దుంగ మీద బొటనవేలు కొట్టుకుని నోటికొచ్చింది అనేశాడు. అంతే, సగం మంది మోకు లాగేశారు. ఎవడూ కాచుకోని అచ్చుమిషను దుంగలు దాటి తిన్నగా పోయి ప్రెస్సు యజమాని స్కూటరు మీద కూర్చుంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, స్కూటరు మాత్రం చపాతీ అయింది. యజమాని మమ్మల్ని ఎన్ని తిట్టాలో అన్నీ తిడుతున్నాడు, ఆయన తిట్టినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడి మోకు లాగుతున్నారు! 'బాబూ, మీరు కాసేపు నోరు మూసుకోండి, లేకపోతే గోడ కూడా పోతుంది' అన్నాడు మేస్త్రి. నవ్వు, నవ్వు. మేమూ రోజుల తరబడి నవ్వాం. అలా ఊరు మొత్తానికీ శుభ్రమైన నోళ్ళు మావే. మా వీధి ఆడవాళ్ళు మా ఎదురుగా నిలబడి మొగుళ్ళకి చెప్పేవాళ్ళు, 'ఆ బరువులు లాగేవాళ్ళని చూసి మాట నేర్చుకోండి' అని.

సమ్మె చేశాం ఒకసారి. బరువు మీద పడి మనిషి పోతే పట్టించుకునే దిక్కు లేదు, దానికి చేశాం. మిల్లు గేటు ముందు రాత్రీ పగలూ కూర్చున్నాం, పోలీసులు వీపులు వాయగొట్టారు, నా ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు చూడు, ఇదిగో, ఇక్కడిదాకే. ఆ వేడిలో కుర్రాళ్ళం అన్నాం, 'మేస్త్రీ, ఆ మిల్లు యజమాని మీద కట్టు మన పాట, ఆ మాట వాడి మీద పడాలి' అని. ఒప్పుకోలేదు. 'వాణ్ణి దొంగ అందాం, దోపిడీగాడు అందాం, అవి వాడు సంపాదించుకున్న పేర్లు. ఈ మాట మాత్రం బరువుకి పెట్టుకున్నది. మనుషులకి వాడితే దీని పదును పోతుంది' అన్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఏమిటీ చాదస్తం అనుకున్నాను. ఇంట్లో ఆయన అంతకన్నా మెత్తన. ఒక్కతే కూతురు, మీ నానమ్మ, ఆ పిల్ల చిన్నప్పుడే భార్య పోయింది. పాలు పొంగిపోయినా, పళ్ళెం విసిరికొట్టినా, 'ఏమ్మా' అని తప్ప 'ఏమే' అని పిలిచి ఎరగడు. ఆ తేడా నీకు తెలుస్తోందా? 'వే' అనేది, 'ఏమే' అనేది, అవన్నీ ఇనుముకి. కూతురికి 'అమ్మా'.

సరే, ఎక్కడున్నాను? ఆఁ, పాటల కంపెనీ వాళ్ళు. ఒక కళ్ళజోడాయన వచ్చాడు, మర్యాదస్తుడే, చెడ్డవాడని అనలేను. 'ఈ పనిపాటలు పోతున్నాయండీ, మీ తర్వాత ఎవరికీ రావు, రికార్డు చేసి దాచిపెడదాం' అన్నాడు. మేస్త్రికి అది నచ్చింది. నన్ను తోడు తీసుకుని వెళ్ళాడు. గది గోడలన్నీ పరుపుల్లాంటివి, మన మాట మనకే వినబడదు. ఆయన అక్కడ నిలబడి నోరు తెరిచాడు, రాలేదు. దగ్గాడు, నీళ్ళు తాగాడు, రాలేదు. 'బరువు లేకుండా ఎలా పాడతానయ్యా' అన్నాడు. వాళ్ళు నవ్వి ఒక తాడు తెచ్చి గదిలో ఉన్న స్తంభానికి కట్టి చేతికిచ్చారు. అప్పుడొచ్చింది పాట! మొదట్నుంచి చివరిదాకా, ఒక్క బుజ్జగింపూ వదలకుండా. హైలెస్సా నేనొక్కణ్ణే అన్నాను. చివర్లో ఆ మాట అనేసరికి స్తంభం మీద సున్నం రాలింది. అద్దం వెనక కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి ఆయన చేతులు చూసుకుంటూ అన్నాడు, 'కదల్లేదురా అది, ఊరికే లాగాను' అని.

క్యాసెట్టు వచ్చాక తెలిసింది. పట్టుపరుపు లేదు, బుజ్జగింపు లేదు, హైలెస్సా లేదు. ఎవడో కుర్రాడు ఒక అమ్మాయి వెంట పడి పాడతాడు, నీ నడుమంటాడు, నీ నడకంటాడు, ఆ అమ్మాయి తల తిప్పుకుని వెళ్ళిపోతుంది, అప్పుడు డప్పులన్నీ ఆగిపోయి మా మేస్త్రి గొంతు. ఆ మాట ఒక్కటీ. తర్వాత ఈలలు. మేం వెర్రివాళ్ళం, టీకొట్టు దగ్గర మొదటిసారి విని ఎగిరి గంతేశాం, 'మన మేస్త్రి, మన మేస్త్రి' అని. ఆయన కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. మిగతా పాట ఇంకో పక్కన ఉందేమో, క్యాసెట్టు తిప్పి చూడమన్నాడు పాపం.

మీ నానమ్మ అప్పుడు కుట్టుకొట్టులో పనికి పోయేది. దారిలో క్యాసెట్ల కొట్టు. ఆ కొట్టువాడికి అదో సరదా, ఆడపిల్ల కనబడితే చాలు టేపు సరిగ్గా ఆ ముక్క దగ్గరికి జరిపి సౌండు పెంచేవాడు. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు గొంతు కలిపేవాళ్ళు. ఎవరి కూతురో వాడికేం తెలుసు? అందరికీ వేసినట్టే ఈవిడకీ వేశాడు. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, మేస్త్రి అన్నం తింటున్నాడు. ఆవిడ వచ్చి చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, కూర వడ్డించి, అప్పుడంది. అరవలేదు, ఏడవలేదు. 'నాన్నా, ఇవాళ నడివీధిలో నన్ను తిట్టావు' అంది. ఆయన నవ్వాడు, 'నేనా, పొద్దుట్నుంచీ మిల్లులో ఉంటేనూ' అని. 'నువ్వే. నీ గొంతే. నేను తల తిప్పుకుని పోతుంటే వెనకనించి తిట్టావు. వాళ్ళంతా నవ్వారు' అంది. ఆ ముద్ద ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. కడుక్కుని లేచాడు.

మర్నాడే పోయాం కంపెనీకి. కళ్ళజోడాయన లేడు, ఇంకొకాయన, కుర్చీలో వెనక్కి వాలి, 'పెద్దాయనా, ఆ ముక్క తీసేస్తే పాటలో ఇంకేముంది? జనం దానికోసమే కొంటున్నారు. పైగా మేం కలిపిందేమీ లేదు, మీరన్న మాటేగా' అన్నాడు. 'నేను ఇనుమునన్నానయ్యా' అన్నాడు మేస్త్రి. ఆయనకి అర్థం కాలేదు. 'ఇనుమునన్నాను. మనుషుల్ని నలిపేసే ఇనుమునన్నాను. ఆడపిల్లననలేదు.' ఆ కుర్చీలో ఆయన పక్కవాడికేసి చూసి కళ్ళెగరేశాడు. నేను బల్ల తోసేశాను, నన్ను నలుగురు పట్టుకుని మెట్లమీంచి దింపారు. అది వేరే సంగతి. ఇవాళ్టికీ నాకు మండేది అక్కడే తల్లీ. పాటలో తిట్టు ఉండకూడదని నేననను. మీ నాన్న అంటాడు, నేననను. మా నోట్లో ఆ తిట్టు లేకపోతే మేం ఆ బాయిలర్ల కింద చచ్చేవాళ్ళం. నీ మీద పడబోయేదాన్ని తిట్టు, నీ కంటే బరువైనదాన్ని తిట్టు, అది మొగతనం, అది ఆడతనం, ఏదైనా అను. కొట్టు బల్ల మీద కూర్చుని, పనికి పోయొచ్చే పిల్లని తిట్టడానికి పాటెందుకు? దానికి మా మేస్త్రి గొంతెందుకు?

ఆ తర్వాత ఆయన పని దగ్గర పాట ఎత్తుకునేవాడు, పట్టుపరుపు బాగానే వచ్చేది, పవళింపూ వచ్చేది, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. మేం మోకు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండేవాళ్ళం, ఊపిరి అయిపోయేది. వేరే మాట పెట్టి చూశాడు, 'పట్టు' అన్నాడు, 'సై' అన్నాడు. ఒకడు ముందు, ఒకడు వెనక, దుంగ మీంచి బరువు పక్కకి ఒరిగిపోయేది. దానికి తోడు కుర్రాళ్ళు పాట వస్తుంటేనే ముసిముసి నవ్వులు, క్యాసెట్టు గుర్తొచ్చి. చివరికి ఒకరోజు మోకు నా చేతికిచ్చి గేటు బయటికి వెళ్ళి కూర్చున్నాడు. కాంట్రాక్టరు ఈల కొనిచ్చాడు. ఈలతో లాగాం, ఏం లాగుడు అది, ఈలలో ఊపిరి పీల్చుకునే చోటుండదు.

ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది. మా పెళ్ళయింది, మీ నాన్న పుట్టాడు, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకునేవాడు గానీ జోకొట్టడానికి కూడా గొంతు విప్పలేదు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని మీ నానమ్మ అడిగింది, 'నాన్నా, ఆ పాట మొత్తం ఒకసారి పాడు. ఆ మాటతో సహా పాడు, ఫరవాలేదు' అని. నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన ఆవిడ చెయ్యి నిమిరి, 'వద్దమ్మా' అన్నాడు. అంతే. కంపెనీలో ఆ మొత్తం పాట ఉంటుందేమోనని తర్వాత నేను వెళ్ళి అడిగాను. ఆ టేపు మీద ఇంకేదో ఎక్కించేశారట. మాటలు నాకొచ్చు, చెప్పాగా ఇందాక. గొంతు ఎక్కణ్ణించి తేను? ఆడపిల్లని 'ఏమే' అని పిలవని మనిషి, లోకంలో ఆయనకి మిగిలింది అదొక్క ముక్క. పెళ్ళిళ్ళలో వేస్తారు, బస్సుల్లో వేస్తారు. ఎక్కడ వినబడినా మీ నానమ్మ లేచి వెళ్ళిపోతుంది, ఎందుకూ అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఆ రోజు వాళ్ళ నాన్నకి చెప్పి ఉండకూడదేమో అనుకుంటుందో, వినలేకపోతుందో...

ఏమ్మా? అదేంటి, తలుపు దగ్గర నిలబడ్డావు? ఎప్పుడు లేచావు? ఏం లేదు, పిల్లకి ఏదో పాత ముచ్చట... కూర్చో ముందు, తూలుతున్నావు. విన్నావా? ఎక్కణ్ణించి? ఓహో. సరే, సరే, తీసేస్తుందిలే, ఇంకెప్పుడూ పెట్టదు, ఏం తల్లీ? ఆఁ? ఏంటమ్మా? గట్టిగా చెప్పు... మీ నాన్న గొంతు వింటావా? ఆ ముక్క ఒక్కటేనా?

పెట్టవే తల్లీ. సౌండు పెంచు.