గోల్‌మురి కోటర్లో కొరివికారం

"దాదీ, లాల్ వాలా కారం ఖతమ్ హో గయా. సాస్ డాల్ దూఁ?"

ఏటీ? కారం అయిపోతే సాసు ఏసెత్తావా? సీసాలో సాసా? ఒగ్గీ, ఒగ్గీ, దాన్నక్కడే ఒగ్గీ. తియ్యటి ఎర్రనీల్లు, అదొక కారమా! ఇలగ రా, కూకో. నాను కూకోనులే, నాకు కుదురు నేదు. మీ నాన్న డ్యూటీ దిగి ఇంకా రానేదు, ఒక కన్ను గేటు మీదుండాల. నువ్వు కూకో.

కొరివికారం అయిపోతే ఏటి సెయ్యాలో నాకు తెల్సినట్టు ఈ జంషెడ్‌పూర్ మొత్తంలో ఎవులికీ తెల్దు. నవ్వకు. పండుమిరపకాయలు, ఉప్పు, సింతపండు, మూడే. రోట్లో ఏసి దంచి జాడీకెత్తీడమే. మన ఊర్లో, శివరాత్రి ముందల పండుకాయలు దిగితే, ఇంటింటికీ అదే పని. మా అత్త కారం సేసిందంటే ఈదంతా దగ్గీది.

నాను పెల్లయ్యి ఈ గోల్‌మురి కంపెనీ కోటర్‌కొచ్చిన రెండేల్లకే అత్త పోయింది. మీ నాన్న అప్పుడు పాకతన్నాడు. కాదు కాదు, నిలబడతన్నాడు, మావ పంచె పట్టుకోని నిలబడీవోడు, గేపకం నాకు. దినాలైపోనాక మీ తాత ఆల అయ్యని, అదే మా మావని, ఇక్కడికి తోలుకొచ్చీసినాడు. మరి ఊర్లో గెంజి పొయ్యడానికి ఎవులున్నారు? అత్తనేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, అత్త నేకపోతే ఆ మావని సూసీదెవులు, కోడలు కాక?

మావ ఒక సంకలో గుడ్డల మూట, ఇంకో సంకలో జాడీ ఎట్టుకోని దిగినాడు. దానికి తువ్వాలు సుట్టినాడు. అందులో అత్త ఆకర్న సేసిన కారం. రోజూ గోరంత తీసి అన్నంలో కలుపుకోని తినీవోడు. పొడుగు మనిషి, అరుగు మీద కూకుంటే కాల్లు మెట్లు దాటిపోయీవి. ఒకనాడు జాడీ అడుక్కొచ్చీసింది. అడుగున అన్నమేసి కలిపి తినీసి, జాడీ తనే కడిగి బోర్లించినాడు. ఇంక మర్నాటి నించి కంచం ముందు కూకోడం, రెండు ముద్దలు కెలకడం, సెయ్యి కడిగీడం. ఆకలి రుసెరగదంటారు సూడు, అబద్దం. ఆ ముసిలోడి ఆకలికి రుసి తప్పితే ఇంకేటీ తెల్దు.

కోటర్ల లైనులో మనోల్లు సానామంది. నోరు ఊరుకుంటాదా? కోడలు కూడెట్టట్నేదట అనీసినారు. సరే, అన్నోలు అంటారు. గానీ మావ మీ తాతతోటి, "నన్ను రైలెక్కించీరా, ఊరెల్లిపోతాను" అన్నాడు. ఎల్లి ఏటి తింతాడు? ఎవులొండుతారు? ఎల్తే ఆ మనిషి దక్కడని నాకు తెల్సిపోనాది. కాలు నిలిసీది కాదు. పొయ్యి కాడికీ అరుగు కాడికీ తిరగడమే, ఇదుగో, ఇప్పుడు తిరుగుతన్నట్టే.

అప్పుడు సలికాలం, పండుకాయలు ఎక్కడివి? మీ తాత డ్యూటీ దిగి సైకిలేసుకోని జుగ్సలాయి బజారుకెల్లి ఎండుమిరపకాయలు తెచ్చినాడు. ఆ రోజుల్లో ఒక్క రూపాయికి సంచీ నిండీది, ఇప్పుడు సూడు. వేన్నీల్లలో నానెట్టి, సింతపండేసి నూరినాను. మిక్సీలేటి అప్పుడు? పక్కింటి ఛప్రా ఆవిడ, బీహారావిడలే, సిల్ ఇచ్చింది, బల్లలాగ రాయి. మావ నాలిక్కి రాసుకోని, "ఎండుకాయలమ్మా" అనీసి పక్కకి తోసినాడు, అంతే.

ఆ ఛప్రా ఆవిడ మంచి మనిషి. నా మొకం సూసి, "తీసుకో బెహన్" అనీసి ఆల ఊరగాయిచ్చింది. ఇంతింత లావు ఎర్ర మిరపకాయలు, కడుపునిండా మసాలా కూరీసి. ఎరుపంటే ఎరుపు! ఇంక దక్కీసినాడు మావ అనుకున్నాను. గానీ ఆవనూనె! మనకి పడదు కదా. మసాలా గోకీసి, వేన్నీల్లతో కడిగి, మల్లీ కడిగి, నూరినాను. కంచం ముందు కూకున్న మావ వాసన తగిలీసరికి లేసి అరుగు మీదికెల్లిపోనాడు. నాకు ఏడుపొచ్చీసింది. మీ తాతేమో, "పోనీ, టమాటాలెయ్యి" అంటాడు. టమాటాలట! సైకిల్ తొక్కడం తప్పితే వంటేటి తెల్సు ఆయనకి?

ఆ పైన బజార్లో ఒక సంతాలీ ఆవిడ కాడ కుద్రుం సూసినాను. ఎర్రగా మొగ్గల్నాగ ఉంటాది, సూసినావు కదా నువ్వు? మన గోంగూరకి సుట్టం. పులుపూ ఉన్నాది, ఎరుపూ ఉన్నాది. నానెట్టిన ఎండుకాయలతో కలిపి నూరితే, నిజం సెప్తన్నాను, కల్లు మూసుకోని తింటే అత్త కారమే. మావ ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దా తిన్నాడు. మూడోది తీసి, మల్లీ కంచంలో ఎట్టీసినాడు. "బాగుందమ్మా" అన్నాడు. బాగుంటే తినాల కదా? తిట్టినా బాగుండీది.

మీ తాత టికెట్టు తెచ్చీసినాడు. రేపు బండి. కనీసం దారిలోకైనా కట్టియ్యాలని మల్లీ కుద్రుం తెచ్చినాను. ఆవేళకి ఛప్రా ఆవిడింటికి సుట్టాలొచ్చినారు, సిల్ పట్టుకెల్లిపోయింది. ఎనకాల కుళాయి కాడ ఒక రోలుండీది, ఎవులో మనోల్లే ఒగ్గీసి ఎల్లిపోనారు. రోకలి అడిగి తెచ్చుకున్నాను. ఒక సేత్తో దంచడం, ఇంకో సేత్తో తిప్పడం, కొంగట్టుకోని మీ నాన్న ఏడుపు. నాకు కోపమొచ్చి దబదబా దంచుతన్నాను. ఉన్నట్టుండి పైన రోకలి ఆగిపోనాది. సూద్దును కదా, మావ! రోకలి నా సేతిలోంచి తీసీసుకున్నాడు.

సిగ్గుతో సచ్చిపోనాను. మావేటి, కారం దంచడమేటి, కుళాయి కాడ ఆడోలంతా సూత్తన్నారు. ఆయన ఎవులినీ సూడ్నేదు. రోకలి ఎత్తి, "ఊఁ" అన్నాడు. ఆగినాడు. నాకు తెల్దు కదా, నా సెయ్యి రోట్లోనే ఉన్నాది. ఎత్తిన రోకలి ఎత్తినట్టే పట్టుకోని, "ఊఁ అన్నాను కదమ్మా, సెయ్యి తియ్యి" అన్నాడు.

అప్పుడు తెల్సింది నాకు. అన్నాల్లూ దంచింది అత్త కాదు, మావ. అత్త సెయ్యెట్టి తిప్పీది. పొద్దున్నే దొడ్డి తలుపేసుకోని దంచుకునీవోరట, మీ తాతకి కూడా తెల్దు. మగోడు కారం దంచినాడంటే ఊరు నవ్వదా మరి?

ఊఁ అంటాడు, నాను సెయ్యి తీత్తాను, దెబ్బ పడతాది. మల్లీ సెయ్యెడతాను. సగమయ్యేసరికి అన్నాడు, "మీ అత్త సేతి ఏల్ల మీద ఒక్క దెబ్బ పడనియ్యనేదమ్మా నాను." అనీసి ఏడిసినాడు. కారం ఘాటేటీ కాదు, ఏడిసినాడు. నానూ ఏడిసినాను. మీ నాన్న మా ఇద్దర్నీ సూసి నోరు మూసినాడు.

ఆ రాత్రి కంచం నాకీసినాడు. అవే ఎండుకాయలు, అదే కుద్రుం, మొన్న ఒగ్గీసిందే. టికెట్టేటైందో నాకు తెల్దు, ఎవులూ అడగనేదు. ఇంక ఎల్లనేదు ఆయన. మీ నాన్న బడికెల్లి, ఇంటరు పేసయ్యిందాకా ఉన్నాడు. లైనులో ఎకసెక్కాలాడీవోరు, ముసిలోడు కోడలికి కారం దంచుతన్నాడని. ఆడితే ఆడనీ.

అదిగో, గేటు సప్పుడైనాది. కాదా? పాలోడా? సరే. ఆ సాసు ఫ్రిజ్‌లో ఎట్టీ. గిన్నెలో కాయలు నానెట్టినాను, కుద్రుం డబ్బాలో ఉన్నాది, మిక్సీ తే. నువ్వు నూరేల్లుండాల తల్లీ. నీకొచ్చీ మొగుడు నల్లగుండనీ, తెల్లగుండనీ, ఇందీవోడే అవనీ, నాకేటీ నేదు. ఎత్తిన దెబ్బ ఎయ్యకముందు ఊఁ అనీవోడు రావాల. ఏటి నవ్వుతావు? మిక్సీకి మూతెట్టినావా? సెయ్యి తీసినావా? పూర్తిగా తియ్యి, ఇంకా తియ్యి.

ఊఁ.