చేతులు చూసి ఇంటికి పంపిన మాస్టారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీన మన గాజు కర్మాగారంలో సహాయకుడిగా అడుగుపెట్టి, అంచెలంచెలుగా ఎదిగి, ఈ నెలాఖరున భద్రతా పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేయనున్న మాస్టారు గారికి నగిషీ విభాగం సిబ్బంది అందరి తరఫున ఈ అభినందనను సవినయంగా సమర్పిస్తున్నాం. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా మేనేజరు గారు మొదలుకొని వాకిలి ఊడ్చే ఆమె వరకు అందరికీ ఆయన మాస్టారే. చనువున్నవాళ్లకు చేతుల మాస్టారు.

ఇళ్లలోని వాళ్లు కూడా మన కర్మాగార పత్రిక ఈ సంచికను చదువుతారు కనుక మా పనేమిటో ముందుగా చెప్పడం అవసరం. దీపపు బుడ్ల మీద, పూలకూజాల మీద మంచు పట్టినట్టు కనిపించే ఆ తెల్లని మసకను, దాని మీద పాకే తీగలను ఎవరూ ఉలితో చెక్కరు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి తీస్తారు. గాజునే తినేసే ఆమ్లం కనుక అది గాజు సీసాలో నిలవదు, ప్లాస్టిక్ పీపాల్లో వస్తుంది. చూడ్డానికి అచ్చం మంచినీళ్లు. పలచన చేసినది ఒంటి మీద పడితే అప్పటికప్పుడు మంటా ఉండదు, మచ్చా ఉండదు. చర్మం దాటి లోపలికి దిగి, ఎముకలోని కాల్షియంను పట్టుకున్నాక మొదలవుతుంది నొప్పి. అప్పటికి మనిషి ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని ఉంటాడు. ఎక్కువగా పడితే గుండెకే ముప్పు. "మిగతా ఆమ్లాలు తిట్టి కొడతాయి, ఇది నవ్వుతూ పలకరించి కొడుతుంది" అని మాస్టారు కొత్తవాళ్లకు చెప్పేవారు.

చేరిన తొలినాళ్లలో ఆయన పీపాలు దొర్లించారు, తొట్టెలు కడిగారు, పొగ గొట్టాల మసి దులిపారు. ఆ రోజుల్లోనే విభాగంలోని పెద్ద మేస్త్రి ఒకాయన చేతి మీద పడిన తడిని చొక్కాకు తుడుచుకుని, నొప్పి లేదు కదా అని ఇంటికి వెళ్లి, చివరకు ఆసుపత్రిలో రెండు వేళ్లు పోగొట్టుకున్నారు. మంచం పక్కన కూర్చున్న మాస్టారుతో ఆయన అన్నది ఒకటే. "గేటు దాటేముందు ఎవడైనా ఒక్క మాట అడిగుంటే బావుండేదిరా." ఆ ఒక్క మాట అడగడమే తమ ఉద్యోగమని మాస్టారు అప్పుడే నిశ్చయించుకున్నారు. నియామక పత్రంలో అటువంటి ఉద్యోగమేదీ లేదన్న సంగతి వారికి అడ్డు రాలేదు.

పర్యవేక్షకులయ్యాక వారు సాధించినవి అనేకం. తొట్టెల మీద ఆవిరిని లాగే పంకాలు, తాడు లాగితే నిలువునా తడిపే నీటి జల్లులు, గోడగోడకూ ఒక పెట్టె, పెట్టెలో ఈ ఆమ్లానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఆ జెల్ ఉన్నచోటికి కళ్లు మూసుకుని చేరుకోగలగాలని కొత్తగా చేరినవాళ్ల కళ్లకు గంతలు కట్టి హాలంతా తిప్పేవారు. చేతితొడుగులో గాలి నింపి, దాని మెడ మెలిపెట్టి, చెంపకు ఆనించుకునేవారు. సూది మొనంత రంధ్రమున్నా చెంపకు గాలి తగులుతుంది, ఆ తొడుగు చెత్తబుట్టకు పోతుంది. "ఈ హాల్లో నీటిచుక్క అనేది లేదు, కాదని తేలేదాకా ప్రతి చుక్కా ఆమ్లమే" అన్నది వారి శాసనం.

ఇక గేటు. పని ముగిసి వెళ్లే ప్రతి ఒక్కరూ రెండు చేతులూ చాపి చూపించాలి, వారడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలి. "చివరగా ఏం ముట్టుకున్నావు?" చేతుల మీద ఏ గుర్తూ ఉండదు కనుక ప్రశ్నే ముఖ్యం, చేతులు చూడటం మర్యాదకు.

"మాస్టారూ, నాకు విదేశీయానం ఉందేమో చూడండి" అనేవాడు కొలిమి దగ్గర పనిచేసే పొడుగాయన, అరచేయి చాపి.

"ముందు సబ్బుతో చేతులు కడుక్కునే యోగం ఉందేమో చూద్దాం. గోళ్లలో ఆ నలుపేంటి?"

"బొగ్గండీ."

"బొగ్గైతే పో. నీకు అంతకన్నా దూరప్రయాణం కనిపించట్లేదు."

వరుస కదలక బస్సులు తప్పిపోతున్నాయని సణిగినవాళ్లున్నారు, మనమేమన్నా దొంగలమా అని అలిగినవాళ్లున్నారు. మాస్టారు కుర్చీ కదల్లేదు.

ఆ ప్రశ్న విలువ ఎంతటిదో నిరుటి సంఘటన ఒకటి చెబుతుంది. నగిషీ విభాగంలో కొత్తగా చేరిన ఒకామె, పసివాడి తల్లి, ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం, ఒక సాయంత్రం తొడుగులు తీసేసి సంచి తగిలించుకుంటూ, ఆరబెట్టిన బుడ్డి అంచున ఒక చుక్క వేలాడుతూ ఉండటం చూసింది. అది ఆమ్లం పూర్తిగా పోయేలా రెండోసారి కడగని బుడ్డి అని ఆమె గమనించలేదు. ఇంట్లో రోజంతా బాబు మూతి తుడిచే అలవాటు, చుక్క కనిపిస్తే చాలు చేయి దానంతటదే పోతుంది. తుడిచేసి గేటు దగ్గరకు వచ్చింది.

"చివరగా ఏం ముట్టుకున్నావమ్మా?"

"ఏం లేదు మాస్టారూ. సంచి."

"సంచికి ముందు?"

"బుడ్డి అంచున చుక్కుంటే తుడిచాను. నీళ్లే."

"దేంతో?"

ఆమె బొటనవేలు చూపించింది. మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"వెనక్కి నడు."

"బస్సు పోతుంది మాస్టారూ. బాబు పాలకి ఏడుస్తుంటాడు, మా అత్తగారి దగ్గర అస్సలు ఆగడు. నొప్పేం లేదు, చూడండి."

"నొప్పి లేదనే నా భయం."

"పోనివ్వండి మాస్టారూ, చుక్కే కదా. పసిపిల్లాడి తల్లి" అన్నాడు వరుసలో వెనక నుంచి ప్యాకింగు అతను.

"పసిపిల్లాడి తల్లి కాబట్టే ఆపుతున్నా" అని మాస్టారు ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "ఇంటికెళ్లగానే ఆ వేలు ఎక్కడికి పోతుందమ్మా?"

అది ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఆ తరువాత ఆమె బస్సు మాట ఎత్తలేదు. నేరుగా వెళ్లి కుళాయి కింద వేలు పెట్టింది. మాస్టారు తాము తొడుగులు వేసుకుని ఆ వేలికి, గోటి కిందికి దిగేలా జెల్ రుద్దారు, మరో తొడుగు నిండా జెల్ పోసి అందులో చేయి పెట్టించి, ఆసుపత్రికి తామే తీసుకెళ్లారు. బాబును తీసుకుని అక్కడికే రమ్మని వాళ్ల అత్తగారికి కబురు పంపారు.

నొప్పి ఆసుపత్రిలో మొదలైంది. అంత తొందరగా జెల్ పట్టించకపోయి ఉంటే వేలు దక్కేది కాదని వైద్యులు చెప్పారు. అత్తగారు బాబును భుజాన వేసుకుని వచ్చి, కోడలి చేతి కట్టు చూసి, కన్నీళ్లు కనిపించకుండా కసిరారు. "నా దగ్గర ఆగడన్నావంట. ఇదిగో, దారంతా గుర్రుపెట్టి నిద్రపోయాడు నీ కొడుకు."

వేలు మానింది, భయం మానలేదు. ఆమె మాస్టారి గదికి వచ్చి, ఉద్యోగం మానేస్తానని చెప్పింది. మానేస్తే ఇల్లు గడవదు, ఉంటే బాబును ముట్టుకోవడానికి చేయి రావడం లేదు.

"భయంగా ఉంది మాస్టారూ."

"నాకు భయం లేనివాళ్లతోనే తంటా. భయమున్నవాళ్లు పీపా మూత రెండుసార్లు చూసుకుంటారు. దాన్ని ఇంటి దగ్గర వదిలేసి రాకు. వెంట తీసుకురా, ఇక్కడ దానికి బోలెడంత పనుంది."

"బాబుకి ఏం కాదని చెప్పండి, ఉంటాను."

"అది నేను చెప్పను. ఏం చేస్తే ఏం కాదో, అది చెప్తాను."

అలా చెప్పడం ఆ రోజే మొదలుపెట్టారు. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదని, ఇక్కడే స్నానం చేసి బయలుదేరాలని, తొడుగు తీసేటప్పుడు దాని పైవైపు చర్మానికి తగలకుండా లోపలికి తిప్పి తీయాలని, ఒక్కొక్కటీ చేయి పట్టుకుని నేర్పారు. ఆమె ఉండిపోయింది. ఇప్పుడు విభాగంలోని తొడుగులన్నీ ఆమె చెంపకు ఆనాకే మా చేతికి వస్తాయి.

పోయిన వారం మాస్టారు మరో నిర్ణయం ప్రకటించారు. ఇకపై గేటు దగ్గర ఆమె ఉంటుందన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"ఏడో తరగతితో ఆపేసినదాన్ని మాస్టారూ. నేనడిగితే ఎవరు చెప్తారు?"

"నన్ను చూసీ అందరూ నవ్వారు. నవ్వుతూనే చేతులు చాపారు."

మర్నాడు సాయంత్రం మొదట వచ్చింది ఆ ప్యాకింగు అతనే. "నువ్వా అడిగేది? నీ వేలు సంగతి మాకు తెలీదా?" అన్నాడు, జేబుల్లోంచి చేతులు తీయకుండా. మాస్టారు పక్కనే తమ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆమె అక్కడినుంచి కదల్లేదు. "తెలుసు కదా. అయితే దాచకుండా చెప్పు అన్నయ్యా, చివరగా ఏం ముట్టుకున్నావు?" అతను చేతులు తీసి చాపాడు. వరుస కదిలింది. మాస్టారు లేచి, తమ కుర్చీని ఆమె వైపు జరిపి, సంచి తీసుకుని బయటకు నడిచారు.

ఈ సంచిక కోసం మాస్టారి శ్రీమతి గారిని పలకరిస్తే వారు నవ్వేశారు. "కాబోయే అల్లుడు మొదటిసారి వచ్చి చేయి కలిపితే, ఆ చేతిని తిప్పి చూసి, చివరగా ఏం ముట్టుకున్నావని అడిగారు. ఆ అబ్బాయి బెదిరిపోయి, మీ కాలింగ్ బెల్ అండీ అన్నాడు" అని చెప్పి, నెమ్మదిగా అన్నారు. "రిటైరవుతున్నారనే గానీ, సాయంత్రమైతే చాలు, అక్కడ అందరూ బయల్దేరారో లేదో అంటారు చూడండి."

మాస్టారూ, మీకు నిండు నూరేళ్ల ఆయుస్సు, ఆ నూరేళ్లకూ సరిపడా ఆరోగ్యం, చివరి బస్సు గురించి ఆలోచించనవసరం లేని సాయంత్రాలు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. అమ్మగారి పక్కన కూర్చుని నిదానంగా టీ తాగండి. మా గురించి దిగులు పెట్టుకోకండి. ఇక్కడ అందరం బయల్దేరాం, పిల్లల దగ్గరకు చేరుకున్నాం, ఎత్తుకున్నాం.