గుట్టెక్కిన వైర్‌లెస్

1981 వానాకాలం. దుమ్ముగూడెం దగ్గర వరద కబుర్లు పంపే వైర్‌లెస్ ఆపరేటర్ ముందుకు ఒక అడవిపల్లె తల్లి తడిసిన చీరతో వచ్చి నిలబడింది.

"సారూ, నా బిడ్డ జంపక్కకు పొద్దుగాల్నుంచి కాన్పు నొప్పులు. వాగు రోడ్డును ముంచింది. నేను గుట్టలెంబడి నడిచొచ్చిన. బిడ్డ నడవలేదు. లాంచీ పంపమని చెప్పు."

"పిలుస్తనే ఉన్ననమ్మా. భద్రాచలం పలుకుత లేదు. ఈ మాట గాలిల సక్కగ పోతది. నడుమ గుట్ట అడ్డమొస్తే ఆగిపోతది."

"తీగ లేకుండ గాలిలనే పోతదా?"

"అవ్."

"మరి గుట్ట మీదికెళ్లి చెప్తే?"

"అందుతది. కానీ తొవ్వ తెల్వదు, బ్యాటరీ బరువు."

"తొవ్వ నాకెరుక. బ్యాటరీ నా నెత్తికెత్తు."

ఇద్దరూ గుట్టెక్కి ఏరియల్ కడ్డీ నిలబెట్టగానే సెట్టులోంచి భద్రాచలం మనిషి గొంతు పలికింది. ఆపరేటర్ జంపక్క సంగతి, పల్లె పేరు చెప్పి లాంచీ అడిగాడు.

"లాంచీ తయారు. ఎటునుంచి రావాలె? ఓవర్."

"నువ్వే చెప్పమ్మా. వాళ్లు 'ఓవర్' అన్నరంటే ఇగ నీ వంతు. ఈ బటన్ నొక్కి మాట్లాడు. వదిలితే వాళ్ల మాట వినపడ్తది."

ఆమె బటన్ నొక్కింది. "వాగు నదిల కలిసే కాడికి రావొద్దయ్యా, సుడి ఉంటది. తునికిచెట్ల దిక్కు రాండ్రి."

"సరేనమ్మా. బయలెల్లుతున్నం. ఓవర్."

"దీన్ని ఎవలు కనిపెట్టిండ్రో గనీ సారూ, చేతులెత్తి మొక్కాలె!"

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. పొద్దు వాలే వేళకు సెట్టు మళ్లీ పలికింది.

"జంపక్కకు దవాఖానాల ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ మంచిగున్నరు. ఓవర్."

"మాట్లాడమ్మా, నీ కోసమే చూస్తున్నరు."

ఆమె బటన్ నొక్కింది. గుట్ట దాటి భద్రాచలం దాకా ఆమె ఆనందపు ఏడుపే వెళ్లింది.