కదలకు అంటే కదలని కుక్కపిల్ల

సెలూన్ బాబాయ్ కత్తి పట్టాడంటే ఇక నోటికి అడ్డూ అదుపూ ఉండదు. కానీ ఇవాళ కుర్చీలో కూర్చున్నది షాపు ఓనరు. వస్తూనే, "నీ కుక్కపిల్ల వచ్చినవాళ్లందరి ప్యాంట్లూ పీకుతోందట బాబాయ్. చెప్పిన మాట వింటుందంటే ఉంచుకో, లేదంటే ఇవాళే ఎవరికైనా ఇచ్చెయ్," అని తేల్చేసి, గడ్డం చేయమన్నాడు.

కాలవ గట్టున వణుకుతుంటే బాబాయ్ చొక్కాలో దాచుకుని తెచ్చుకున్న పిల్ల అది. అది లేకపోతే షాపు తలుపు తీయబుద్ధి కాదు అతనికి. గబగబా ఓనరు మొహమంతా నురగ పూసి, నోరు తెరవకుండా పెదాల మీద ఇంకో పొర ఎక్కువే పట్టించి, మొదలుపెట్టాడు.

"మాట వినడమా? అయ్యో రామా! బిస్కెట్ ముక్క దాని ముక్కు మీదుగా వెనక్కి జరిపి 'కూర్చో' అన్నాను, చతికిలబడింది. అంతే, వచ్చేసింది! ఆ తర్వాత నేను ఎవర్ని 'కూర్చోండి' అన్నా ముందు అదే కూర్చుంటోంది. 'తల దించు' అంటే దించుతుంది, 'అటు తిరగండి' అంటే తిరుగుతుంది. పొద్దస్తమానం నేననే మాటలేగా!"

"భలే!" అన్నాడు బెంచీ మీది కండక్టరు.

"భలే అప్పుడే అనకు. 'కదలకు' నేర్పాక ఏమైందో తెలుసా? దాని ముక్కు మీద ఈగ వాలింది. కదిలిందా? ఊహూఁ! దీన్ని చూసి ఈగ కూడా కదలడం మానేసింది. సాయంత్రానికి దీని చెవికీ బెంచీ కాలికీ మధ్య సాలీడు గూడు కట్టేసింది. పాపం, దాని సంసారం చెడగొట్టడం ఎందుకని నేనూ ఊడవలేదు."

పక్కనున్న మేస్టారు పేపరు మడిచేశారు. "ఔరా! నా క్లాసులో ఒక్కడూ ఇంత బుద్ధిగా ఉండడయ్యా!"

బాబాయ్‌కి హుషారొచ్చింది. ఓనరు గొంతు మీద కత్తి జారుస్తూ గొంతు పెంచాడు.

"మొన్న వానలో ఇది రోడ్డెక్కింది. అటు నుంచి బస్సు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. 'కదలకూ!' అని ఒక్క కేక పెట్టాను. పిల్ల ఆగింది. బస్సూ ఆగింది. కుళాయిలోంచి పడే నీళ్లు బిందె అంచు దాకా వచ్చి ఆగాయి. ఆఖరికి వాన చినుకులు కూడా ఎక్కడివక్కడ గాల్లో నిలబడిపోతే, వాటిని చేత్తో పక్కకి తప్పించుకుంటూ వెళ్లి పిల్లని ఎత్తుకొచ్చాను!"

"ఆ బస్సులో నేనే ఉన్నా కదా బాబాయ్, నాకు తెలీదేం?"

"నువ్వూ ఆగిపోయావుగా, నీకెలా తెలుస్తుంది!"

కండక్టరు చేతులు జోడించాడు. అంతలో కత్తి కడగడానికి బాబాయ్ వెనక్కి తిరగడంతో ఓనరుకి నోరు తెరిచే వీలు చిక్కింది.

"ఏదీ, ఒక్కసారి చూపించు."

బాబాయ్ బెంచీ కింద పడుకున్న పిల్ల దగ్గరికి వెళ్లాడు. వంగి, బతిమాలుతున్నట్టు, "కదలకమ్మా... కదలకు," అన్నాడు. పిల్ల తోకాడించింది. ఓనరు చెప్పు ఒకటి నోట కరుచుకుని వీధిలోకి లంకించుకుంది. దాని వెనక కండక్టరు, అతని వెనక మేస్టారు.

బాబాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనరు మాత్రం సగం గడ్డంతో, చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఊరంతా ఆగిందన్నావు. నీ మాటకి ఆగింది నేనొక్కణ్ణే బాబాయ్," అన్నాడు. "చిన్నప్పుడు మా నాన్న చేతులూ మా మామయ్య కాళ్లూ పట్టుకుంటే గానీ నా జుట్టు కత్తిరించగలిగావా? నిన్ను ఎన్నిసార్లు కరిచానో! నాకే నేర్పినవాడివి, దానికి నేర్పలేవా? ఉండనియ్. ముందు ఈ రెండో చెంప కానివ్వు."

బాబాయ్ కళ్లు తుడుచుకుని కత్తి అందుకున్నాడు.

"కదలకు," అన్నాడు మెల్లిగా.

ఓనరు కదల్లేదు.