ఆరు ఖాళీ పేజీలు

యూనివర్సిటీ లైబ్రరీ బైండింగ్ గదిలో మధ్యాహ్న భోజనాలు అయ్యాయి. బైండరు సూదికి దారం ఎక్కిస్తుంటే, ఆఫీసులో పనిచేసే ఆమె టిఫిన్ డబ్బా మూస్తూ మాట మొదలుపెట్టింది.

“మీరు కుట్టిచ్చిన మా పాత బైబిలు నిన్న చర్చికి తీసుకెళ్లానన్నయ్యా. అందరూ చేతుల్లోకి తీసుకుని చూశారు.”

“మంచిగున్నదన్నరా?”

“ముందు పేజీల్లో మా తాతగారు రాసిన పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఒక్క అక్షరం పోలేదని మా అమ్మ ఏడ్చింది. ఏడుగురు వాళ్ల బైబిళ్లు కూడా కుట్టిపెడతారేమో అడగమన్నారు. తార్నాకలో మా పిన్ని టైలరింగ్ షాపు ఆదివారం మూసే ఉంటుంది. ఆ రోజు ఆ బల్ల మీద మీ సొంత బైండింగ్ పని మొదలుపెట్టండి.”

“ఈ వయసుల నాకు షాపేంది చెల్లె. అన్నీ స్కాన్ చేస్తున్నరు. ఈ గదికే నెలకు నాలుగు పుస్తకాలొస్తలేవు. ఆ ఏడుగురి తర్వాత ఎవరొస్తరు?”

“ఒకటి అడుగుతాను. తాతగారి రాత అయిపోయిన చోట ఆరు ఖాళీ పేజీలు కలిపారు. నేను చెప్పలేదే.”

“మీ ఇంట్ల ఇంక పెళ్లిళ్లయితయి, పిల్లలు పుడ్తరు. వాళ్ల పేర్లు రాయనీకి జాగ ఉండాలె గద.”

“ఇంకా పుట్టనివాళ్ల కోసం కూడా పేజీలు కుట్టిన మనిషి, తన దగ్గరికి ఎవరొస్తారని అడుగుతున్నాడు.”

ఆయన సూది బల్ల మీద పెట్టి, దారం వేలికి చుట్టుకున్నాడు.

“ఆదివారం మీ చర్చి ఎన్నింటికి విడుస్తరు?”